‘అవును’ అని నొక్కింది నేనే

టీ చల్లారిపోయింది. కరీం బాషా మావయ్య దాన్ని ముట్టుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం. ఆటోనగర్ షెడ్లలో మిషన్ల చప్పుడు లేదు కాబట్టి మా రెండు గదుల్లో ఎవరేం మాట్లాడినా పక్కింటికి వినిపిస్తుంది. అది నాన్నకి తెలుసు. అయినా గొంతు తగ్గించలేదు.

“నాను ఫోన్ సెయ్యలేదంటావేటి బావా?” అన్నాడు మావయ్య.

“బావా గీవా వద్దు. మీరు మేస్త్రి గారు. మేం కూలోలం.”

చుట్టరికం లేకపోయినా పద్నాలుగేళ్ళుగా ఇద్దరూ ‘బావా’ అనే పిలుచుకున్నారు. నాన్న ఆయన్ని ‘మీరు’ అనడం నేనెప్పుడూ వినలేదు. వంటగది కర్టెన్ వెనక నిలబడ్డ నాకు అది తిట్టు కంటే గట్టిగా తగిలింది.

మావయ్యకీ తగిలినట్టుంది. కాసేపు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూశాడు. “‘మీరు’ అంటన్నావా నన్ను? సరే, అను. కానీ మంగళారం తెల్లారగట్ల నాలుగు సార్లు కొట్టినాను నీకు. గురువారం మూడు సార్లు. నిన్న మళ్ళీ నాలుగు.”

“నిన్న నీ అల్లుడు అనీస్ నా జాగాలో నిలబడ్డాడు. హెల్మెట్ ఎట్టుకుని, గేటు లోపల. నా కళ్ళతో సూసినాను.”

“నువ్వు ఎత్తకపోతే ఓడ ఆగుతాదా?”

ఓడ ఆగదు. అది మా ఇంట్లో నాయనమ్మకి కూడా తెలిసిన విషయం. పోర్టులో ఓడ బెర్తుకి వచ్చిందంటే సరుకు దించడానికి గ్యాంగులో పన్నెండు మంది ఉండాలి. ఆ పన్నెండు మందికీ ఫోన్ చేసి పిలిచేది మావయ్యే. ఎత్తనివాళ్ళ బదులు ఇంకొకరిని పిలుస్తాడు. వరసగా మూడు ఓడలు తప్పిపోయినవాళ్ళ పేరు కొత్త గేటు పాసుల జాబితాలో ఉండదు. పాసు లేకపోతే పోర్టు గోడకి ఇవతలే బతకాలి.

ఈ వారం నాన్నకి మూడు ఓడలూ తప్పాయి. జాబితా సోమవారం పదిన్నరకి కాంట్రాక్టరు ఆఫీసుకి వెళ్తుంది. అంటే రేపే.

“ఇదిగో, సూడు.” నాన్న ఫోన్ తీసి మావయ్య ముఖం ముందు పెట్టాడు. “ఎక్కడున్నాది నీ కాలు? మంగళారం ఒక్కటీ లేదు. గురువారం లేదు. నానే నీకు కొట్టినాను, ఆరు సార్లు. స్విచ్చాఫ్.”

“అది పాత నంబరు. ఆ ఫోన్ నీళ్ళల్లో పడిపోనాదని అందరికీ సెప్పినాను కదా. కంపెనీవోళ్ళు కొత్త సిమ్ము ఇచ్చినారు. నువ్వా రోజు ఎలమంచిలి ఎల్లినావు.”

“అందరికీ సెప్పినావు. నాకు తప్ప.”

“ఓలమ్మా, ఈ మాత్రానికేనా!” అంది నాయనమ్మ అసిరమ్మ, గుమ్మంలో కూర్చుని కాళ్ళకి నూనె రాసుకుంటూ. “ఇద్దరూ ఎదురెదురుగా కూకున్నారు కదరా. ఇప్పుడు కొట్టి సూడండి. మోగితే మోగినట్టు.”

నా చేతిలో గరిటె ఉంది. దాన్ని ఎందుకు పట్టుకున్నానో కూడా నాకు తెలీదు.

మావయ్య తన ఫోన్ తీసి నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. నాన్న అరచేతిలో ఫోన్ పడుకుని ఉంది. అందరం దాని వైపే చూస్తున్నాం.

అది మోగలేదు.

“బిజీ అంటంది,” అన్నాడు మావయ్య.

“నా సేతిలో ఉన్న ఫోను ఎవరితో మాటాడతాందిరా మరి? దెయ్యంతోనా?”

మావయ్య ఒక్కో అంకె పైకి చదివాడు. అది నాన్న నంబరే. ఆయన తన ఫోన్ వైపు, నాన్న ఫోన్ వైపు మార్చి మార్చి చూశాడు. ఆయన ముఖంలో కోపం పోయి, దాని స్థానంలో ఇంకేదో వచ్చింది.

“బ్లాక్‌లో ఎట్టినావు నన్ను,” అన్నాడు మెల్లిగా.

“ఏటి?”

“అనీస్ సెప్పినాడు నాకు. మావా, ఆయన నిన్ను బ్లాక్‌లో ఎట్టుంటాడు అని. నాను నమ్మలేదు. బావ అలాటోడు కాదన్నాను.”

“ఆ బ్లాకంటే ఏటో నాకు తెలీదు. నాకు ఎత్తడం తెలుసు, ఎట్టేయడం తెలుసు. నీ అల్లుడికి అన్నీ తెలుసు.” నాన్న లేచి నిలబడ్డాడు. “కూతుర్నిచ్చినోడికి నా కూడు ఎట్టేసి, ఇప్పుడు నెపం నా ఫోన్ మీద ఎడతన్నావా?”

నాయనమ్మ నూనె సీసా మూత పెట్టేసింది.

“ఆ మాట ఎనక్కి తీసుకో,” అన్నాడు మావయ్య.

నాన్న తీసుకోలేదు.

అమ్మ గోడ దగ్గర నిలబడి ఉంది. ఆమె నాన్నని చూడలేదు, మావయ్యని చూడలేదు. కర్టెన్ వైపు చూసింది. కర్టెన్‌లోంచి నన్నే చూసినట్టు అనిపించింది.

అప్పుడు బయటికి వచ్చి ఒక్క మాట చెప్తే సరిపోయేది. నేను నోరు తెరిచాను కూడా. బడిలో మాస్టారు లేపి పాఠం చదవమన్నప్పుడు ఎలా అయ్యేదో అలాగే అయింది. నోరు తెరుచుకుంటుంది, మాట రాదు.

“అత్తా, ఎల్లొత్తాను,” అన్నాడు మావయ్య నాయనమ్మతో.

“టీ తాగెల్లరా నాయినా. మీ గొడవలకి ఆ పాలేటి సేసినాయి?”

ఆయన చెప్పులు వేసుకుని, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. “రేపు పదిన్నరకి జాబితా ఎల్తాది. నాను పని సెయ్యాలనుకుంటన్నాను అని నీ నోటితో ఒక్క మాట సెప్పు. రాత్తాను.”

“అడుక్కునే అలవాటు నాకు లేదు, మేస్త్రి గారూ,” అన్నాడు నాన్న.

*

నాన్న బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. అమ్మ వంటగదిలోకి వచ్చి నా చేతిలో గరిటె తీసి గిన్నెలో వేసింది.

“నువ్వేనా?” అంది.

తల ఊపాను.

“నానే కదా సెయ్యమన్నాను,” అంది అమ్మ. నన్ను ఓదార్చడానికి అనలేదు. లెక్క సరిచూసుకున్నట్టు అంది.

నిజమే, అమ్మే అడిగింది. నాన్న తెల్లవారుజామున ఓడకి వెళ్తే మధ్యాహ్నం వచ్చి పడుకునేవాడు. పడుకున్న పది నిమిషాలకి ఫోన్ మోగేది. లోను కావాలా అని ఒకరు, కార్డు కావాలా అని ఒకరు, ఆనందపురం దగ్గర ప్లాట్లున్నాయని ఒకరు. ఓడేమో అనుకుని ఉలిక్కిపడి లేచేవాడు. ‘ఆ మోత ఆపే మార్గం నీ కాలేజీలో ఎవరికైనా తెలుసేమో అడగవే’ అంది అమ్మ. దువ్వాడ కాలేజీలో నా పక్కన కూర్చునే ఆశాజ్యోతి ఫోన్‌లో ఒక యాప్ ఉంది. ఎవరు చేస్తున్నారో ముందే పేరు చూపిస్తుంది. పనికిమాలినవాళ్ళయితే స్క్రీను ఎర్రగా మారుతుంది. ఇంకో బటన్ నొక్కితే అలాంటివి అసలు మోగనే మోగవు.

ఆ యాప్ నాన్న ఫోన్‌లో వేసి, ఆ బటన్ నేను నొక్కాను. ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను: ‘నాన్న ఈ రోజు ఆరు గంటలు నిద్రపోయాడు. నా వల్లే.’

“ఇప్పుడే ఎల్లి సెప్పేత్తానమ్మా,” అన్నాను.

“సెప్పి?”

“నాన్న మావయ్యకి సెప్తాడు. పేరు రాత్తారు.”

అమ్మ పొయ్యి దగ్గర పీట లాక్కుని కూర్చుంది. గొంతు బాగా తగ్గించింది. “రాత్తారు. మళ్ళీ అక్కడికే ఎల్తాడు. పోలిరాజు పాదం ఏటయినాదో మర్చిపోనావా?”

పోలిరాజు మా వెనక వీధి. పోయినేడు స్టీలు చుట్ట దించుతుంటే కట్టు జారి పాదం మీద పడింది. ఇప్పుడు ఆయన ఇంటి ముందు కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి టైము చెప్తుంటాడు.

“దువ్వాడ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ కావాలంట. అక్కడి గురునాథరావు గారు నిన్న కూడా అడిగినారు. నీడ పట్టున కూకోవచ్చు. ఈ ముక్క నాను పదేళ్ళుగా సెప్తన్నాను, మీ నాన్న వినలేదు. ఇప్పుడు దేవుడే అడ్డం తిప్పినాడు.”

“దేవుడు కాదమ్మా, నాను.”

“గట్టిగా అనకు.”

“బాషా మావయ్య అబద్ధమాడలేదని మనిద్దరికీ తెలుసు.”

అమ్మ చింతపండు నీళ్ళలో వేసింది. పిసికింది. పిప్పి తీసి పారేసింది. నేను అలాగే నిలబడ్డాను.

“ఆ యాప్ తీసెయ్,” అంది చివరికి. “సప్పుడు సెయ్యకుండా తీసెయ్. ఏటీ జరగనట్టు ఉండు. రేపు ఒక్క పూట దాటిపోతే సాలు.”

“నాన్న ఏడుత్తన్నాడేమోనమ్మా అక్కడ.”

“ఏడవనీ,” అంది అమ్మ. ఆమె కళ్ళూ తడిగానే ఉన్నాయి. “రెండు కాళ్ళతో ఏడవనీ.”

*

యాప్ తీసేద్దామనే ఫోన్ తీశాను. నాన్న దాన్ని మంచం మీద విసిరేసి వెళ్ళాడు.

ఆపేసిన కాల్స్ అన్నీ యాప్‌లో ఒకచోట ఉంటాయి. ఫోన్‌లో మామూలుగా చూస్తే కనిపించవు. నాన్న చూపించింది ఆ మామూలు జాబితా. నేను లోపలి జాబితా తెరిచాను.

ఒకే నంబరు నుంచి పన్నెండు. అన్నీ ఎర్రగా ఉన్నాయి. పక్కన ‘ప్లాట్ల ఆఫర్’ అని పేరు. మంగళవారం 4:10, 4:12, 4:13, 4:19. గురువారం. శనివారం. పన్నెండోది ఈ మధ్యాహ్నానిది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. అమ్మకి చెప్పలేదు. ఈ జాబితా నేను ఇంతకుముందే చూశాను.

మంగళవారం సాయంత్రం నోట్సు ఫొటోలు తీసుకోవడానికి నాన్న ఫోన్ తీస్తే యాప్ ఒక ప్రశ్న అడిగింది. ఈ నంబరు నుంచి వచ్చిన నాలుగు కాల్స్ ఆపాం, ఇది పనికిమాలిన నంబరేనా? కింద రెండు గడులు. అవును. కాదు. నేను అవును నొక్కాను. ఎవరో కనుక్కోలేదు, ఎందుకో అడగలేదు. ఆ యాప్ వాడే ఇంకెవరో ముందే అలా అన్నారని నేనూ అన్నాను.

గురువారం మళ్ళీ అడిగింది. ఈసారి టైము చూశాను. తెల్లవారుజామున నాలుగింటికి ఎవరు ప్లాట్లు అమ్ముతారు అనిపించింది. ఆ నంబరుకి ఒకసారి చేసి చూడొచ్చు. కానీ అవతల ఎవరో మగమనిషి ‘హలో, ఎవరు’ అంటే నేను ఏం చెప్పాలి? తెలియని వాళ్ళతో ఫోన్‌లో మాట్లాడాలంటే నాకు అరచేతులు చెమటలు పడతాయి. చిన్నప్పటి నుంచీ అంతే. అందుకని మళ్ళీ అవును నొక్కాను.

మొదటిసారి తెలియక నొక్కాను. రెండోసారి తెలుసుకోవడం ఇష్టం లేక నొక్కాను.

జాబితా కింద మెసేజీలు అని ఇంకో గడి ఉంది. అది నేనెప్పుడూ తెరవలేదు. తెరిచాను. మావయ్య ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాడు.

‘బావా ఓడ నాలుగున్నరకి. రా.’

‘ఫోన్ ఎత్తు బావా.’

‘పది నిమిషాలు ఆగతాను. సూపరైజర్ అరుత్తన్నాడు.’

‘అనీస్‌ని ఎక్కించినాను. ఇయాల ఒక్కరోజుకే. నీ జాగా నీదే.’

శనివారంది ఒక్కటే ఉంది. ‘ఒంట్లో బాగోలేదా? సెల్లెమ్మ ఎలాగున్నాది? ఒక్క మాట సెప్పు.’

యాప్ తీసేయడానికి ఒక్కసారి నొక్కితే చాలు. తీసేస్తే ఈ మెసేజీలు కూడా పోతాయి. అమ్మ అడిగింది యాప్ తీసేయమనే. ఈ మెసేజీల గురించి అమ్మకి తెలీదు.

మెట్ల మీద నాన్న దగ్గుతున్నాడు. ఫోన్ తీసుకుని గుమ్మం దాకా వెళ్ళాను. ఆయన వీపు కనిపిస్తోంది. చొక్కా కాలరు దగ్గర అమ్మ వేసిన కుట్టు కనిపిస్తోంది.

“ఏటే?” అన్నాడు, తిరక్కుండానే.

“నాన్నా...”

“సెప్పు.”

“అన్నం తింతావా?”

“ఆకలి లేదమ్మా,” అన్నాడు.

నేను లోపలికి వచ్చేశాను.

*

సోమవారం పొద్దున్న కాలేజీకని బయల్దేరాను. నాన్న ఇంకా లేవలేదు. ఆయన ఫోన్ నా పుస్తకాల మధ్య పెట్టుకున్నాను.

నాన్నకి చెప్పే ధైర్యం లేదు. మావయ్యకి చెప్పే ధైర్యం కూడా లేదు. కానీ చూపించవచ్చు. ఫోన్ ఆయన చేతిలో పెడితే అదే చెప్తుంది. నేను పక్కన నిలబడితే చాలు. అలా అనుకునే దువ్వాడ బస్సు వదిలేసి పాత పోస్టాఫీసు బస్సెక్కాను.

కోట వీధిలో మావయ్య ఇల్లు ఒకసారి చూశాను, పండక్కి వచ్చినప్పుడు. తలుపు ఆయన భార్య మెహబూబ్ బీ అత్త తీసింది. నన్ను చూసి, నా వెనక వీధి చూసి, మళ్ళీ నన్ను చూసింది.

“ఒక్కదానివే వచ్చినావా? మీ ఇంట్లో ఎవరికైనా ఏటైనా అయినాదా?”

తల అడ్డంగా ఊపాను.

“నోరు లేదేటే గుంటా? రా, లోపలికి రా. మీ మావయ్య రాత్రంతా నిద్రపోలేదు. నమాజుకి లేచినోడు లేచినట్టే కూకున్నాడు.”

మావయ్య కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. ముందు చిన్న బల్ల. బల్ల మీద గీతలు గీసిన కాగితం, పెన్ను. పన్నెండు వరసల్లో పేర్లు. తలకిందులుగా కూడా చదవగలిగాను. తొమ్మిదో వరసలో పేరు లేదు. ఖాళీగా ఉంది.

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. స్పీకర్‌లో పెట్టాడు.

“హలో అండీ, గజం ఎంత పడుతుందండీ?” అంది ఒక ఆడగొంతు.

“నా దగ్గర గజమూ లేదు, బెత్తెడూ లేదమ్మా. రాంగు నంబరు,” అని పెట్టేశాడు.

“రోజుకి పది మంది!” అంది అత్త. “ఈ సిమ్ము ముందర ఎవడో ప్లాట్లు అమ్మినోడిదంట. ఈయన ఫోన్ సేత్తే సగం మంది ఎత్తరు, ఎత్తినోళ్ళు తిడతారు. మొన్న మా సుమయ్యా కూడా ఎత్తలేదు. కన్నకూతురు! ఎర్రగా కనిపించినాది అబ్బా, బెదిరిపోనాను అని తండ్రితో అంది.”

నేను ఫోన్ తీసి బల్ల మీద, కాగితం పక్కన పెట్టాను. లోపలి జాబితా తెరిచి ఉంచాను.

మావయ్య కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. వేలితో పైకీ కిందకీ జరిపాడు. తన మెసేజీలు తనే చదువుకున్నాడు. చాలాసేపు పట్టింది. గోడ గడియారం తొమ్మిదీ ఐదు చూపిస్తోంది.

“ఇది ఎవరు ఎట్టినారు?” అన్నాడు.

ఫోన్ చెప్తుందనుకున్నాను. అది చెప్పలేదు. అది నంబర్లు చెప్పింది, టైములు చెప్పింది. ఎవరు అన్నది నేనే చెప్పాలి.

“నాను,” అన్నాను. తర్వాత ఎలా వచ్చాయో, మిగతావి కూడా వచ్చాయి. “నాన్నకి తెలీదు మావయ్యా. నిద్ర పట్టాలని ఎట్టినాను. అది అడిగితే అవునన్నాను. రెండు సార్లు అన్నాను. రెండోసారి అనుమానం వచ్చినాది. అయినా అన్నాను. నిన్న కర్టెన్ ఎనక ఉన్నాను. సెప్పలేదు.”

“అరే,” అంది అత్త, చెయ్యి నోటి మీద పెట్టుకుని.

మావయ్య కోప్పడతాడని అనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“పద్నాలుగేళ్ళు,” అన్నాడు. “నా పెళ్ళాం ఆస్పత్రిలో ఉంటే రక్తం ఇచ్చినాడు మీ నాన్న. నిన్న నన్ను మేస్త్రి గారూ అన్నాడు. ఆ మాట ఇక్కడ గుచ్చుకున్నాది.”

“పేరు రాయండి మావయ్యా.”

“రాయడం ఎంతసేపు.” పెన్ను తీసుకున్నాడు. తొమ్మిదో వరస మీద పెట్టాడు. పెట్టి ఆపేశాడు. “కానీ రాత్తే ఏటనుకుంటాడు? దొంగతనం బయటపడతాదని బెదిరి రాసినాననుకుంటాడు. ఆ పాసు జేబులో ఎట్టుకుని రోజూ నా మొకం సూత్తాడు. నాకది వద్దు.”

“మరి?”

“నాకు సెప్పినావు కదా, అలాగే ఆయనకి సెప్పు. నాను సెప్తే సాకు అవుతాది. నువ్వు సెప్తే నిజం అవుతాది.” తన ఫోన్ నా వైపు జరిపాడు. “ఇంటికి సెయ్. టైమున్నాది.”

ఇంట్లో అమ్మ దగ్గర చిన్న ఫోన్ ఉంది. ఆ నంబరు నొక్కాను. నాలుగుసార్లు మోగాక ఎత్తింది.

“ఎవరండీ?”

“అమ్మా, నానే. నాన్నకి ఇయ్యి.”

వెనక నాయనమ్మ ఎవరినో కేకలేస్తోంది.

“మీ నాన్న ఫోన్ ఎతుక్కున్నాడు,” అంది. “ఇల్లంతా ఎతికినాడు. నువ్వు పట్టుకెల్లినావని నాకు తెలుసు. నాను సెప్పలేదు.”

“ఇయ్యమ్మా ఆయనకి.”

“ఇంట్లో లేడు. గంటయినాది ఎల్లి.”

“ఎక్కడికి?”

“పోర్టుకి. పాసు తిరిగిచ్చేత్తానన్నాడు. ఆళ్ళు నా పేరు కొట్టేసేలోపు నానే కొట్టేసుకుంటాను అన్నాడు.”

నా చేతిలోంచి మావయ్య ఫోన్ తీసుకున్నాడు. “సెల్లెమ్మా, పాసు తిరిగిచ్చి సంతకం ఎట్టేత్తే సొంతంగా మానేసినట్టే. ఇంక నాను రాసినా ఆళ్ళు తీసుకోరు. నువ్వు ఆపలేదా?”

అమ్మ చెప్పింది నాకు కూడా వినిపించింది.

“ఆపలేదన్నయ్యా,” అంది. ఫోన్ పెట్టేసింది.

మావయ్య నాన్న ఫోన్‌కి చేయబోయి, అది తన బల్ల మీదే ఉండటం చూసి చెయ్యి దించుకున్నాడు. ఆ ఫోన్ నాన్న దగ్గరుంటే ఇప్పుడు వేరే నంబరు నుంచి ఒక్క కాల్‌తో ఆపేవాళ్ళం. దాన్ని కూడా నేనే తెచ్చేశాను.

“సెప్పులు ఏసుకో,” అన్నాడు మావయ్య. జాబితా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

*

స్కూటర్ మీద పది నిమిషాలు. దారంతా లారీలే. బొగ్గు దుమ్ము, చేపల వాసన, హారన్లు. సిగ్నల్ దగ్గర మావయ్య, “రక్తం ఇచ్చినాడు,” అన్నాడు. నాతో కాదు.

పాసుల ఆఫీసు గేటు పక్కనే. అద్దం బిగించిన చిన్న కిటికీ. దాని ముందు మగవాళ్ళ వరస. వందమంది ఉంటారేమో. అందరి తలలూ ఒకేలా కనిపించాయి.

“అదిగో, ముందర,” అన్నాడు మావయ్య.

నాన్న కిటికీ దగ్గర వంగి ఉన్నాడు. కాలరు దగ్గర కుట్టు చూసి గుర్తుపట్టాను. చొక్కా జేబులో చెయ్యి పెడుతున్నాడో, తీస్తున్నాడో ఇక్కడి నుంచి తెలియడం లేదు.

మావయ్య ముందుకి అడుగేశాడు. వరసలోవాళ్ళు ఊరుకోలేదు. “ఏయ్ పెద్దాయనా, లైన్లో రా!” “మేస్త్రివైతే ఏటి, మేం మనుషులం కాదా?”

ఆయన నా వైపు తిరిగాడు. “పిలు,” అన్నాడు.

అంతమంది మగవాళ్ళు. నోరు తెరిచాను. నిన్నటిలాగే అయింది. లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆగాను. అది పోయాక ఆగడానికి ఇంకేమీ మిగల్లేదు.

“నాన్నా!”

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ముందు వరసలోవాళ్ళు తిరిగారు. తర్వాత నాన్న తిరిగాడు.

కాలేజీలో ఉండాల్సిన నన్ను చూశాడు. నా పక్కన మావయ్యని చూశాడు. నా చేతిలో తన ఫోన్ చూశాడు. ఆయన కనుబొమ్మలు దగ్గరికి వచ్చాయి.

“బాషా మావయ్య నీకు ఫోన్ సేసినాడు నాన్నా,” అని అరిచాను. “పదకొండు సార్లు సేసినాడు. అవి మోగకుండా ఆపింది నాను. మావయ్య కాదు. నాను!”

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. మావయ్య జేబులోంచి కాగితం తీసి పట్టుకున్నాడు కానీ, కదల్లేదు.

నాన్న పెదవులు కదిలాయి. ఏమన్నాడో వినిపించలేదు. బావా అన్నాడేమో. నా పేరన్నాడేమో.

అద్దం వెనక నుంచి గుమాస్తా గొంతు మాత్రం స్పష్టంగా వినిపించింది. “అర్జునరావు గారూ, సంతకం అయిపోయినట్టేనా? వెనకాల జనం ఉన్నారు.”

నాన్న కిటికీ వైపు చూశాడు. మళ్ళీ మావైపు చూశాడు.

ఆయన చేతిలో పెన్ను ఉంది. పాసు లేదు.